లేని ఇంటికి కిస్తు

ఆ వీధిలో పిల్లల దగ్గర్నుంచి ముసలివాళ్ల దాకా అందరికీ ఆమె కుర్చీలక్క. పేము కుర్చీల సీట్లు తెగిపోతే మళ్లీ అల్లి ఇవ్వడం ఆమె పని. పేము బద్దల్ని బకెట్లో నానబెట్టి, మెత్తబడ్డాక చట్రం చిల్లుల్లోంచి నిలువుగా ఒక వరస, అడ్డంగా ఒక వరస, ఆపైన మూల నుంచి మూలకు లాగి బిగిస్తుంది. వేళ్లకు గుడ్డపేలికలు చుట్టుకుని పనిలో కూర్చుందంటే ఎవరు పలకరించినా తల ఊపడమే తప్ప నోరు తెరవదు.

“మా ఆవిడ నోట్లోంచి మాట రావాలంటే పట్టకారు తేవాలి” అని ఆమె భర్త నవ్వేవాడు. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. “ఈ ఊళ్లో సగం మందిని పైకి తెచ్చింది నేనే. నేను మాత్రం కిందే ఉండిపోయాను” అనడం ఆయనకు అలవాటు. ఎన్నిసార్లు విన్నా ఆ మాటకు ఆమెకు నవ్వొచ్చేది.

కింద ఉండిపోయినా సొంత గూడు ఒకటి సంపాదించాడు. రెండు గదులు, ముందు చిన్న వరండా. ఇళ్లకు అప్పులిచ్చే కంపెనీ దగ్గర భార్యాభర్తలిద్దరూ సంతకాలు పెట్టి తీసుకున్న డబ్బుతో కొన్న ఇల్లు. వరండాలో ఆమె కుర్చీలు, లోపల గదిలో కూతురి పుస్తకాలు, తలుపు వెనక ఆయన పనిముట్ల సంచి. ఏళ్ల తరబడి కిస్తు తప్పలేదు. ఆయన గుండె మొరాయించాక తప్పింది. పనికి వెళ్లలేని మనిషికి జీతం ఎవరిస్తారు? కుర్చీల మీద వచ్చేది మందులకు సరిపోయేది, కంపెనీకి మిగిలేది కాదు. చివరికి ఒక ఉదయం కంపెనీవాళ్లు వచ్చి గేటుకు తాళం వేసి, గోడ మీద ఇంత కాగితం అంటించి, ఇంటిని వేలానికి పెట్టారు.

అప్పుడు వీధి మొత్తం కదిలింది. కదిలించింది కండక్టర్ బాబాయి. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగం పోయినా అధికారం పోలేదు. వీధిలో నలుగురు గుమిగూడితే “లోపలికి జరగండి, దారివ్వండి” అని ఇప్పటికీ అరుస్తాడు. ఆయన ఇంటింటికీ వెళ్లి అందరి చేతా ఒట్టు వేయించాడు.

“పక్కింటివాడి కొంప పోతుంటే మనం నిలబడి వేలంపాట పాడితే మనుషులమేనా? ఆ రోజు ఒక్కడు కూడా నోరు తెరవకూడదు. ఎవడూ పాడకపోతే వాళ్లు ఏం చేస్తారు? తాళం తీసి తిరిగివ్వక చస్తారా?”

అందరికీ ఆ మాట న్యాయంగానే తోచింది. వేలం రోజున వీధివాళ్లంతా గేటు ముందు చేతులు కట్టుకుని, గుడిలో నిలబడ్డంత భక్తిగా నిలబడ్డారు. ఎదురుగా పాలడిపో అరుగు మీద భర్తను స్టూలు వేసి కూర్చోబెట్టి, కుర్చీలక్క ఆయన భుజం పట్టుకుని చూస్తోంది. కంపెనీ మనిషి కనీస ధర చదివాడు. ఎవరూ పలకలేదు. మళ్లీ చదివాడు. వెనక నుంచి చేతిలో హెల్మెట్టు పట్టుకున్న బయటి మనిషొకడు ముందుకొచ్చి, ఆ ధర మీద నాలుగు రాళ్లు ఎక్కువ వేసి ఒక మాటన్నాడు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. అంతే, పాట కొట్టేశారు. కాఫీ తాగినంత సేపు కూడా పట్టలేదు.

ఇల్లు తిరిగి రాకపోయినా వీధి తలెత్తుకునే ఉంది. “చూశావా అమ్మాయ్, మన వీధిలో ఒక్కడు నోరు విప్పలేదు” అన్నాడు కండక్టర్ బాబాయి కళ్లు తుడుచుకుంటూ. ఆమె ఆయనకు చేతులెత్తి దణ్ణం పెట్టింది. తరవాత్తరవాత ఆ దణ్ణం గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకు ఒళ్లు మండిపోయేది.

సైకిల్ షాపు మీద ఒక్క గది అద్దెకు తీసుకున్నారు. మెట్లెక్కలేక భర్త మూడుచోట్ల ఆగాడు. “ఇక్కడ లిఫ్టు లేదేమే” అని నవ్వాడు. గదిలోకి వచ్చి మంచం మీద వాలి, “పోనీలేవే. ఇల్లు పోయింది, దాంతోపాటే అప్పూ పోయింది. ఇక ఎవడికీ తల వంచక్కర్లేదు. హాయిగా పడుకుంటాను” అన్నాడు. నిజంగానే హాయిగా పడుకున్నాడు. వానాకాలం వెళ్లేలోపు ఆ మంచం మీదే పోయాడు. చివరిదాకా ఆయనకు ఉన్న ధీమా అదొక్కటే, అప్పు తీరిందని.

కంపెనీ మనిషి మెట్లెక్కి వచ్చింది ఆ తరవాతే. మెడకు టై, చేతిలో సంచి, మాట మాటకీ మేడమ్‌గారూ. కూర్చోమంటే కుర్చీ లేదు, సీట్లు ఊడదీసిన చట్రాలే ఉన్నాయి. నిలబడే చెప్పాడు.

“మేడమ్‌గారూ, ఇల్లు అమ్మగా వచ్చింది మీ బాకీకి చాల్లేదు. ఇంకా మిగిలింది.”

“ఏం మిగిలింది? ఇల్లు మీరు తీసుకున్నారుగా.”

“ఇల్లు తీసుకుంది అప్పు కింద జమ వేసుకోడానికి మేడమ్‌గారూ. అసలు, వడ్డీ, ఆలస్యానికి జరిమానా, పేపర్లో ప్రకటన ఖర్చు, వాచ్‌మన్ జీతం, తాళం ఖర్చు, అన్నీ కలిపి అందులోంచి పాటలో వచ్చింది తీసేస్తే…”

“తాళం ఖర్చా?” ఆమె చేతిలో పేము బద్ద ఆగిపోయింది. “మమ్మల్ని బయటికి తోసి వేసిన తాళానికి డబ్బు మేమివ్వాలా?”

“రూల్స్ మేడమ్‌గారూ.”

“ఆ వాచ్‌మన్ నా వరండాలోనే పడుకున్నాడు. అతనికి జీతం కూడా నేనేనా? పోనీ పక్క దులిపి, దుప్పటి కప్పి రమ్మంటారా?”

ఆయన మొహమాటంగా నవ్వి, మిగిలిన బాకీ ఎంతో చెప్పాడు. వీధివాళ్లు ఆ పోయిన ఇంటికి కట్టే ధరలో మూడోవంతు దాకా ఉందది. ఇల్లు లేదు, ఇంటాయన లేడు, ఆయన్ని చంపిన అప్పు మాత్రం మెట్లెక్కి వచ్చి మేడమ్‌గారూ అంటోంది.

ఆమె దగ్గర ఏమీ రాలదని ఆ టై ఆయనకు ఆ గది చూడగానే తెలిసిపోయినట్టుంది. రెండోసారి రాలేదు. కూతురు పనిచేసే ఆస్పత్రికి ఫోన్లు మొదలుపెట్టాడు.

కూతురు అప్పుడప్పుడే నర్సు ఉద్యోగంలో చేరింది. సొంత ఫోను ఎత్తకపోతే వార్డు ఫోనుకు చేసేవారు. సెలైను మారుస్తుంటే ఫోను, కట్టు కడుతుంటే ఫోను. పక్క నర్సులు మొహమొహాలు చూసుకునేవాళ్లు. “సిస్టర్, నీ ఇంటి గొడవలు వార్డులోకి తేవద్దు” అని పెద్ద నర్సు ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా చెప్పింది. కంపెనీవాళ్లు దానికి మందు కూడా వాళ్లే చెప్పారు. అమ్మాయి సంతకం పెట్టి బాకీ తన పేరు మీదికి తీసుకుంటే, జీతంలోంచి నెలనెలా పట్టుకుంటారు. ఏళ్ల మీద సర్దుతారు. ఫోన్లు ఆగిపోతాయి.

“పెట్టేస్తానమ్మా. పీడ విరగడవుతుంది” అంది కూతురు, బూట్లు కూడా విప్పకుండా మంచం మీద కూలబడి.

“పెట్టవు.”

“నా జీతం, నా ఇష్టం.”

“నీ జీతం నీ ఇష్టమే. చీరలు కొనుక్కో, సినిమాలు చూడు, తగలెయ్. వాళ్లకి మాత్రం ఇవ్వవు.”

“నీకేం, ఇక్కడ కూర్చుని అల్లుకుంటావు. అందరి ముందూ దొంగలా నిలబడేది నేను!”

“దొంగలు ఎవరే? ఇల్లు మింగి, మింగడానికైన ఖర్చు కూడా మనల్నే అడిగేవాళ్లు మేడమ్‌గారూ అంటారు. మనం దొంగలమా?”

కూతురు అటు తిరిగి పడుకుంది. ఆ పిల్ల వీపు చూస్తూ కూర్చుంది తల్లి. అచ్చం తండ్రి వీపే, కుడి భుజం కాస్త వంగి. ఎవరి ముందూ తల వంచక్కర్లేదని ఆయన అన్న మాట ఆ గదిలోనే ఎక్కడో ఉన్నట్టనిపించింది. ఆ సంతకం పడిందంటే ఈ పిల్ల పెళ్లీ, ఇల్లూ, వయసూ అన్నీ ఆ కంపెనీ గుప్పిట్లోకి పోతాయి. ఆమెకు ఇంకేమీ అక్కర్లేదు. ఆ ఒక్క సంతకం పడకుండా ఉంటే చాలు.

మర్నాడు పాలడిపోకు వెళ్లింది. పాల కోసం కాదు, ఆ వీధిలో అన్ని సంగతులూ ఆ డిపో యజమానికి తెలుస్తాయని. ఆమెను అక్కా అని పిలిచే మనిషి. విషయం విని ఆయన పాల క్యాను కింద పెట్టాడు.

“ఒక మాట చెప్తే తిట్టకూడదక్కా.”

“చెప్పు తమ్ముడూ.”

“మీ ఇల్లు తీసుకుందామని అప్పుడు డబ్బు సిద్ధంగానే ఉంచుకున్నాను. డిపోకి ఎదురే కదా, మా అబ్బాయికి పనికొస్తుందని. వాడెవడో పాడినదానికి దాదాపు రెట్టింపు దాకా వెళ్లేవాణ్ణి. బాబాయి ఒట్టు వేయించాడు. నాకూ నీ మొహం చూసి పాడబుద్ధి కాలేదు.”

ఆ రోజు ఆమె ఈ అరుగు మీదే నిలబడి, గేటు ముందు ఈ మనిషిని చూస్తూనే ఉంది. ఈయన నోరు తెరిచి ఉంటే అప్పు మొత్తం తీరిపోయి, చేతికి ఇంత మిగిలేది కూడా. ఈయన మర్యాద కోసం చేతులు కట్టుకున్నాడు. ఆ మర్యాదకు వడ్డీతో సహా ఇప్పుడు తన కూతురు కట్టాలి.

మాట తక్కువ మనిషి నడివీధిలో అంత గొంతెత్తుతుందని ఎవరూ అనుకోలేదు. కండక్టర్ బాబాయి కుర్చీ వేసుకుని పేపరు చదువుకుంటున్నాడు.

“బాబాయ్, లేవండి!”

“ఏంటమ్మాయ్?”

“మిమ్మల్ని ఎవరడిగారు మా మీద దయ చూపించమని? నేనడిగానా? మా ఆయనడిగాడా? పాలడిపో తమ్ముడు పాడితే మా బాకీ తీరేది. మీరందరూ చేతులు కట్టుకుని నిలబడి మా ఇంటిని కారుచౌకగా దానం చేశారు. పైగా నాచేత దణ్ణం పెట్టించుకున్నారు!”

ఆయనకు సగం అర్థమయ్యేసరికి పేపరు కింద పడింది. మొత్తం అర్థమయ్యేసరికి లేచి నిలబడ్డాడు. “నేను మంచికేనమ్మా…” అన్నాడు.

“తెలుసు. అందుకే ఇంకా మండుతోంది.”

సాయంత్రానికి వీధిలో చందాల మాట మొదలైంది. బాబాయి తన పెన్షన్ పాస్‌బుక్కు పట్టుకుని సైకిల్ షాపు మెట్లెక్కాడు. ఆమె గుమ్మంలోనే ఆపేసింది. “మీరందరూ తలా ఇంత వేసి ఆ కంపెనీ కడుపు నింపుతారా? మీరు కట్టాల్సిన బాకీ కాదది. నాతో ఆఫీసుకు వచ్చి జరిగింది చెప్పండి, చాలు.”

ఆ వారమే వెళ్లారు. ఆమె, కూతురు, పాలడిపో తమ్ముడు, బాబాయి. బాబాయి ఎక్కడి పెట్టెలోంచి తీశాడో, పాత కండక్టరు చొక్కా ఇస్త్రీ చేయించి వేసుకొచ్చాడు. “ఆ మనిషి టై కడితే మనకి ఇదైనా ఉండాలి కదమ్మాయ్” అన్నాడు.

ఆఫీసులో చల్లగా ఉంది. గోడ మీద కొత్త ఇంటి ముందు నవ్వుతున్న మొగుడూ పెళ్లాం పిల్లల బొమ్మ. టై ఆయన నలుగురినీ చూసి కాస్త తడబడి, అమ్మాయి ముందు కాగితాలు పెట్టి, పెన్ను మూత తీసి మరీ పెట్టాడు.

పాలడిపో తమ్ముడు ముందుగా చెప్పాడు. “ఆ ఇంటికి నేను దాదాపు రెట్టింపు ఇచ్చేవాణ్ణి సార్. నాకు నిజంగా కావాల్సిన ఇల్లది.”

“మరి ఆ రోజు ఎందుకు పాడలేదు?”

ఆయన బాబాయి వైపు చూశాడు. బాబాయి లేచి నిలబడ్డాడు. ఒక్కణ్ణి తప్పుపడుతుంటే ఊరుకోగల మనిషి కాదు. “నేనే వద్దన్నాను సార్. వీధి మొత్తం చేత నేనే ఒట్టు వేయించాను. తప్పంతా నాది.”

టై ఆయన మొహం వెలిగిపోయింది. వెనక్కి వాలి చేతులు చాచాడు. “విన్నారా మేడమ్‌గారూ? మీవాళ్లే మీ ఇంటి ధర పడగొట్టారు. ఇందులో కంపెనీ తప్పేముంది?”

బాబాయి తల దించుకున్నాడు. సాయం చేద్దామని వచ్చి రెండోసారి ముంచాడు పాపం. కుర్చీలక్క ఆయన వైపు చూసింది. పొద్దున్న దాకా ఆయన్ని తలుచుకుంటే ఒళ్లు మండేది. ఇప్పుడు ఈ టై మనిషి నవ్వు చూశాక ఆ మంట చోటు మార్చుకుంది.

“ఆయన తప్పు చేశాడు. ఆయన్ని తిట్టడానికి నేనున్నాను, ఇంటికి తీసుకెళ్లి తిడతాను. అది మా వీధి సంగతి. మీ సంగతి చెప్పండి” అంది.

“అంటే?”

“పాటకి ఒక్కడొచ్చాడు. ఒక్కడు ఒక్క మాటంటే అయిపోయిందా? వాయిదా వేసి నలుగురికీ చెప్పి, మళ్లీ పెట్టొచ్చుగా? మీ సొంత ఇల్లయితే అట్లాగే కొట్టేస్తారా? కొట్టెయ్యరు. తక్కువొస్తే మీకు పోయేదేముంది? మిగతాది కట్టడానికి మేమున్నాం. మేం పోతే మా పిల్లుంది!”

“రూల్స్ ప్రకారం…”

“నాకు రూల్స్ రావు. నేను కుర్చీ పాడుచేసి ఇస్తే డబ్బు అడగను. మీరు ఇల్లు పాడుధరకి అమ్మి నన్ను డబ్బు అడుగుతున్నారు.”

ఆఫీసులో అటూ ఇటూ తలలు లేచాయి. కూతురు ఇంక భరించలేక పెన్ను తీసుకుంది. తల్లి గబుక్కున కాగితం మీద అరచెయ్యి ఆన్చింది. పేము కోసిన గీతలున్న చెయ్యి, కాగితంలో సగం కప్పేసింది.

“చెయ్యి తియ్యమ్మా.”

“తియ్యను.”

“అందరూ చూస్తున్నారు.”

“చూడనీ. ఈ అప్పు చేసిన రోజున నువ్వు రెండు జడలేసుకుని బడికెళ్లావు. సంతకాలు పెట్టింది నేనూ మీ నాన్నా. ఆయన తీరిందనుకునే పోయాడు. తీరలేదని చెప్పడానికి ఇప్పుడాయన లేడు. మిగిలింది నేను. కట్టాల్సింది ఏదన్నా ఉంటే వాళ్లని నా పేరే రాసుకోమను. నిన్ను మాత్రం రాయనివ్వను.”

“మీ దగ్గర ఏముందని మేడమ్‌గారూ?” అన్నాడు టై ఆయన. మొదటిసారి మర్యాద కాస్త జారింది.

“ఏమీ లేదు. అది మీకు ముందే తెలుసు. అందుకేగా పిల్ల వెనక పడ్డారు?”

“అయితే కోర్టుకు వెళ్లాల్సి ఉంటుంది.”

“వెళ్లండి. ఇక్కడ అడిగిందే అక్కడా అడుగుతాను. ఈ తమ్ముడూ వస్తాడు, ఆ బాబాయీ వస్తాడు. ఒక్కడే పాడిన పాట అని జడ్జిగారికీ చెప్తారు.”

పెన్ను కూతురి చేతిలోంచి తీసి మూత పెట్టి, ఆయన ముందు ఉంచి లేచింది.

బస్సులో కూతురు వేరే సీట్లో కూర్చుంది. మర్నాడు పొద్దున్నే అన్నం డబ్బా కూడా తీసుకోకుండా డ్యూటీకి వెళ్లిపోయింది. మధ్యాహ్నం తల్లి అన్నం పట్టుకుని ఆస్పత్రికి వెళ్లింది. వార్డు గుమ్మం దగ్గర నిలబడిందో లేదో బల్ల మీద ఫోను మోగింది. పెద్ద నర్సు ఎత్తి, విని, విసుగ్గా కూతురి వైపు చాచింది. ఆ పిల్ల అలిసిపోయి ఉంది. సరేనంటే ఎవరూ తప్పుపట్టలేరు.

“అవును, నేనే” అంది కూతురు. కాసేపు వింది. తరవాత వార్డంతా వినబడేలా అంది. “ఆ బాకీలో నా సంతకం లేదు, ఉండదు. ఇక్కడ పేషెంట్లున్నారు. ఇంకోసారి ఈ నంబరుకు చేస్తే మా ఆస్పత్రి పెద్దసారు చేత మీ కంపెనీకి ఫోను చేయిస్తాను. మాట్లాడాలంటే మా అమ్మతో మాట్లాడుకోండి. ధైర్యముంటే.”

ఫోను పెట్టేశాక పెద్ద నర్సు దాన్ని తన వైపుకు జరుపుకుంది. మంచం మీద ముసలాయనొకడు సెలైను పెట్టిన చేత్తోనే చప్పట్లు కొట్టబోతే, కూతురు వెళ్లి “సూది కదుల్తుంది తాతా” అని కోప్పడింది. తిరిగి చూసేసరికి గుమ్మంలో అమ్మ. డబ్బా అందుకుంటూ, “ఏం కూర?” అంది. అంతకుమించి ఆ సంగతి వాళ్లిద్దరూ మళ్లీ ఎత్తలేదు.

కంపెనీ కోర్టుకు వెళ్లలేదు. కొన్ని నెలలు ఊరుకుని, తాళం ఖర్చూ వాచ్‌మన్ జీతమూ జరిమానాలూ తీసేసి, మిగిలినదాన్నీ బాగా తగ్గించి, కుర్చీలక్క ఒక్కదాని పేరు మీద చిన్న చిన్న కిస్తులు కట్టమంది. మంచిపని జరిగిందన్నారంతా. బాబాయి మిఠాయి పంచబోయాడు. ఆమె వద్దంది. ఎందుకు సంతోషించాలి? తగ్గించారంటే మొదట అడిగింది అన్యాయమని వాళ్లకూ తెలుసన్నమాటేగా? ఆ అన్యాయపు లెక్క పట్టుకునేగా పిల్లను వార్డులో ఏడిపించింది?

అయినా కడుతుంది. సంతకం పెట్టింది కాబట్టి కడుతుంది. ఎవరి చేతా పంపదు, తనే వెళ్తుంది. కౌంటరు ముందు డబ్బు పెట్టి, రసీదు తీసుకునే ముందు ప్రతిసారీ గట్టిగా అడుగుతుంది.

“ఇది దేనికి కడుతున్నానో ఒకసారి చెప్పమ్మా.”

“ఇంటి బాకీకండీ.”

“ఏ ఇల్లు?”

కౌంటరు అమ్మాయికి ఆ వరస ఇప్పుడు అలవాటే. మేనేజరు గది వైపు ఓ చూపు చూసి, గొంతు తగ్గించి, “మీకు లేని ఇల్లండీ” అంటుంది.

“కాస్త గట్టిగా చెప్పు తల్లీ. వెనకవాళ్లకి వినబడలా.”

వెనక కుర్చీల్లో కొత్తగా అప్పు తీసుకుందామని ఫోటోలూ కాగితాలూ పట్టుకుని కూర్చున్నవాళ్లు తలలెత్తి చూస్తారు. మొన్నొక కొత్త జంట ఆమె వెనకే మెట్లు దిగి వచ్చి, “ఏమైందండీ మీకు?” అని అడిగారు. మాట తక్కువ మనిషి మెట్ల మీదే కూర్చుంది. వాళ్లనూ కూర్చోమంది.